ఇరవైనాలుగు గంటల చెల్లెలు

మా చెల్లెలు బెజవాడలో ఉంటుంది, నేను బందరులో. మధ్యలో టోల్‌గేటు. ఇరవైనాలుగు గంటల్లోపు వెనక్కి వెళ్తే తిరుగు ప్రయాణానికి తగ్గింపు, దాటితే మళ్లీ పూర్తి రేటు. అందుకని నా ఒక్కగానొక్క చెల్లెలు శనివారం సాయంత్రం మొగుడితో కారులో వచ్చి, ఆదివారం మధ్యాహ్నం చెయ్యి కడుక్కోగానే చెప్పులు వెతుక్కుంటుంది.

లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, పెళ్లి చేసుకోలేదు. ఆదివారం మూడింటి తర్వాత ఈ ఇల్లు ఎంత బోసిపోతుందో నాకే తెలుసు. టీవీ పెడతాను, ఏం చూస్తున్నానో తెలియదు. నా ఒక్కదానికోసం పొయ్యి వెలిగించాలనిపించదు.

మా మరిదిగారిది మరీ చోద్యం. ఒకసారి ఉన్న టోలు కూడా ఎగ్గొడదామని కాలవగట్టు మీదుగా వచ్చారు. అందరికీ అదే తెలివి కాబోలు, లారీలూ అటే పడ్డాయట. దుమ్ము కొట్టుకుపోయి దిగారు. గట్టు మీద ఇళ్లవాళ్లు పగలంతా తలుపులు మూసుకునే ఉంటున్నారని, ఒకావిడ కారుకు అడ్డం నిలబడి తిట్టిందని చెల్లెలు చెప్పింది. మంచి పని చేసిందన్నాను. మరిదిగారు కాఫీ సగంలో వదిలేశారు.

మొన్న వేసవిలో ఇక ఉండబట్టలేక, ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే దాని చేతిలో నోటు పెట్టాను.

"ఆ టోలేదో నేనిస్తాను. ఇంకొక్కరోజు ఉండవే."

అది నోటు మడిచి తిరిగి నా చేతిలోనే పెట్టింది. కోపంగా కూడా లేదు.

"టోలు కాదక్కా. వచ్చిన పూట నువ్వు బానే ఉంటావు. తెల్లారేసరికి నా జుట్టు, నా చీర, ఆయన కూర్చునే తీరు, అన్నీ దిద్దడం మొదలుపెడతావు. ఒక్కరోజే కాబట్టి మళ్లీ రాగలుగుతున్నాను."

నాకు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. గిలకలదిండి చేపలరేవు నుంచి తెప్పించిన రొయ్యలు అది డబ్బాలో సర్దుకుంటుంటే, మూత అలా కాదే అనబోయి ఆగాను.

కిందటి నెల మళ్లీ వచ్చారు. ఆదివారం భోజనాలయ్యాయి. మరిదిగారు కారు దగ్గరికి వెళ్లాక, అది గుమ్మంలో ఆగింది.

"ఈసారి ఉండమనవేంటక్కా?"

ఉంటానన్నట్టే అడిగింది. ఉండవే అని నోటిదాకా వచ్చింది. కానీ నా నోటి సంగతి నాకు తెలుసు కదా.

"వద్దులే, టోలు దండగ," అన్నాను.