మెగ్నీషియం వెలుగులో గుహ

వారాంతానికి, నగర శివారులో నేనుండే టూంగాబీ నుంచి వెళ్లి ఒక గొర్రెల ఫామ్‌లో దిగాను. ఫామ్ యజమానురాలు జోన్‌కి డెబ్బై దాటాయి. తన నేల కింద ఉన్న సున్నపురాతి గుహను ఫొటోగ్రఫీ తొలినాళ్ల పద్ధతిలో, చెక్క కెమెరా పెట్టి, మెగ్నీషియం రిబ్బన్ కాల్చిన వెలుగులో ఫొటో తీయాలని ఆమె పట్టుదల. అప్పటికే మూడుసార్లు పాడైందట. ఎప్పుడూ తోడు వచ్చే స్నేహితురాలు ఈసారి మోకాలినొప్పితో రాలేదు.

"వెలుగు నువ్వు పడతావా?" అంది.

"సరే ఆంటీ."

"ఆంటీ ఏంటి, జోన్ అను!" అని నవ్వింది. "ఒక్కటే ఛాన్స్. తర్వాత అంతా పొగే. వెలుగు పడాలి, మంట మాత్రం కెమెరాకి కనబడకూడదు."

చీకట్లో ఆమె లెన్స్ మూత తీసింది. నేను రిబ్బన్ అంటించి రాతిస్తంభాల చాటున నడిచాను. రిబ్బన్ కాలిపోయేదాకా ఆగలేదు.

మధ్యాహ్నం ఆమె షెడ్డులో, ఎర్రదీపం కింద, కెమెరాలోంచి తీసి మందునీళ్లలో వేసిన గాజుపలక మీద గుహ మొత్తం తేలింది. ఇద్దరం ఒక్కసారే కేక పెట్టాం.

పలక ఆరాక, కవరు మీద "ఫొటో తీసింది" అని రాసి నా పేరు అడిగింది.

"కెమెరా మీది కదా!" అన్నాను.

"నేను మూత తీశానంతే. గుహలో వెలుగు పట్టినవాళ్లదే ఫొటో."

ఆఫీసులో వాళ్లకి పలకడం తేలికని కుదించుకున్న పేరు కాదు, ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చెప్పాను. ఆమె మొత్తం రాసింది.