వంద అడుగులు జరిపిన తేనెపెట్టెలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, చలి తగ్గే రోజుల్లో నాకు చండ్రుగొండ మండలంలో క్షేత్ర అధికారిగా పోస్టింగ్ వచ్చింది. తేనెటీగల పెంపకం నేర్పడం, పెట్టెలు తనిఖీ చేయడం నా పని. కౌసల్య అనే రైతుకు పది పెట్టెలు ప్రయోగాత్మకంగా ఇచ్చాం. వాటిని ఆమె దగ్గరే ఉంచాలా, ఇంకో ఊరికి మార్చాలా అన్నది జిల్లా అధికారి స్వయంగా చూసి తేల్చాలి.

పెట్టెలు జామాయిల్ తోట పక్కన, నీడలో, చెల్లాచెదురుగా ఉండేవి. ఆయన వచ్చే రోజు షామియానా వేయడానికి నాకు ఆ చోటే బాగుందనిపించింది. పెట్టెలను వంద అడుగుల దూరాన రోడ్డు వారగా వరుసలో పెట్టమన్నాను.

"మీరే చెప్తిరి గద సార్? జరిపితే మూడు అడుగులే జరపాలె, లేకుంటే మూడు కిలోమీటర్లు దాటియ్యాలె అని!" అంది కౌసల్య.

నిజమే. ఈగ తన పెట్టెను గుర్తుపెట్టుకోదు, పెట్టె ఉన్న చోటును గుర్తుపెట్టుకుంటుంది. శిక్షణలో బోర్డు మీద రాసి మరీ చెప్పింది నేనే. "ఒక్క పూటకు ఏం కాదులే అమ్మా" అన్నాను. తనిఖీ రోజు తెల్లవారకముందే ఆమె, ఆమె భర్త పెట్టెలు మోశారు.

పది గంటలకు జిల్లా అధికారి మెడలో బంతిపూల దండ పడింది. సరిగ్గా అప్పుడే, పొద్దున మేతకు పోయిన కూలి ఈగలన్నీ పాత చోటికి తిరిగొచ్చాయి. అక్కడ పెట్టెల్లేవు, మేమున్నాం. మైకు అతను మైకుతో సహా పరుగెత్తాడు. డ్రైవరు జీపు చుట్టూ ఎగురుతూ తిరిగాడు గానీ, తలుపు తీయాలన్న సంగతి మరిచాడు. జిల్లా అధికారి, పంచాయతీ కార్యదర్శి, నేను నేల మీద పరిచిన ఒకే జంపఖానా కింద దూరాం. హోదా ప్రకారం నాకు అంచు దక్కింది. వీపు సగం బయటే ఉండిపోయింది.

"పెట్టెలెవరు జరిపిన్రయ్యా?" చీకట్లోంచి అధికారి గొంతు.

"రైతే సార్" అన్నాను. ఆ మాటతో ఆమె పెట్టెలు పోతాయని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

బయటి నుంచి కౌసల్య పలికింది. "అవ్ సార్, నేనే మోసిన. సారు ఏలు పెట్టి చూపిచ్చిన కాడ పెట్టిన. ఇప్పుడు ఎన్కకు తెస్త, మీరు జర పక్కకు జరగుండ్రి. మూడు అడుగులు చాలవు గని, ఇంకింత దూరం!"

కార్యదర్శికి నవ్వాగలేదు. తర్వాత అధికారికి, చివరికి నాకు. ముగ్గురం జంపఖానాతో సహా కదులుతూ ఊగిపోయాం. ఆ నవ్వులోనే, "జరపమన్నది నేనే సార్" అని ఒప్పుకున్నాను. అధికారి నవ్వడం ఆపారు. నేను ఇంకాసేపు ఆపలేకపోయాను. అది భయం వల్ల వచ్చిన నవ్వు.

పొగడబ్బాతో పొగ పెడుతూ భార్యాభర్తలు పది పెట్టెలూ పాత చోటికి తెచ్చారు. అరగంటలో ఈగలు లోపలికి దిగిపోయాయి. తనిఖీ నివేదికలో "స్థానం మార్పు నా ఆదేశం మీద, నియమానికి విరుద్ధంగా జరిగింది" అని రాసి సంతకం చేశాను. నాకు మెమో అందింది. పెట్టెలు కౌసల్య దగ్గరే ఉన్నాయి. ఆ ఎండాకాలం ఆమె సారపాకలో సీసాల్లో తేనె అమ్మింది.

నేను నేర్పిన నియమాన్ని పై అధికారి మెప్పు కోసం నేనే మీరాను, ఆ తప్పును నాకంటే చిన్న మనిషి మీదికి నెట్టాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఎంత పెద్ద అధికారి వచ్చినా, పెట్టెలున్న చోటికి నేను నడిపించింది వారినే. పెట్టెలను కదిలించలేదు.