పిన్ని చేతికి తెలిసిన కారు

మా పిన్ని దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవాలంటే మొదటి మూడు రోజులూ కారు కదలదు. ఆగి ఉన్న కారులో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. పక్క సీట్లోంచి పిన్ని "వైపర్!" అంటుంది. చెయ్యి తిన్నగా అక్కడికి పోవాలి. "అద్దానికి ఆవిరి పట్టింది!" అంటుంది. గుండ్రటి నాబ్ పట్టుకుని చివరిదాకా కుడికి తిప్పాలి. తడబడితే వేళ్ళ కణుపుల మీద పెన్నుతో ఒక్కటి పడుతుంది. కూతురి వరస దాన్ని కదా అని నాకేమీ మినహాయింపు లేదు, పైగా రెండు ఎక్కువే పడ్డాయి.

"కళ్ళు రోడ్డు మీద ఉండాలే. కారు సంగతి చేతులు చూసుకుంటాయి," అనేది.

ఇరవయ్యారేళ్ళుగా ఒకే డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ పని. ఆ పని తప్ప ఆవిడకు వేరే సరదా లేదు. సెలవు రోజున ఏం తోచక, ఉన్న అలమరానే మళ్ళీ సర్దుతూ ఇంట్లోవాళ్ళ ప్రాణం తీస్తుంది.

అలాంటి ఆవిడ ఉన్న చోటికి స్కూలు యజమాని కొత్త కారు తెచ్చాడు. లోపల ఒక్క నాబ్ లేదు. గోడకి ఉండాల్సిన టీవీని తెచ్చి కారులో బిగించినట్టు మధ్యలో పెద్ద తెర. ఏది కావాలన్నా ఆ తెర మీదే నొక్కాలి.

"పాత కారు నెలాఖరుకి అమ్మేస్తున్నాను మేడమ్. ఈలోగా దీంట్లో నేర్పడం అలవాటు చేసుకోండి. కుదరదంటే నేను వేరేవాళ్ళని చూసుకోవాలి," అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిన్ని మాత్రం రోజూ పాఠాలయ్యాక ఆ కారులో కూర్చుని తెరను జానతో కొలవడం మొదలుపెట్టింది. బొటనవేలు తెర కింది అంచుకు ఆనించి వేళ్ళు బారజాపితే, చిటికెన వేలు సరిగ్గా ఆవిరి పోగొట్టే బొమ్మ మీద పడుతుంది. ఎనిమిది రోజులు సాధన చేసింది. తొమ్మిదో రోజు కళ్ళు మూసుకుని నాకు చేసి చూపించి, "ఎంత తెరైతే మాత్రం, కొలిస్తే లొంగదటే?" అంది. ఆ గర్వం చూసి నాకెంత ముచ్చటేసిందో!

ఆ మర్నాడు వాన. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన పిన్ని. ముందద్దానికి కింది నుంచి ఆవిరి పట్టడం మొదలైంది. "నువ్వు తిన్నగా పోనీ, నేను చూసుకుంటా," అంటూ పిన్ని రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి నొక్కింది. కారంతా అదిరిపోయేలా పాట మొదలైంది. కంపెనీవాళ్ళు ఎక్కడినుంచో అప్‌డేట్ పంపి, తెర మీది బొమ్మల చోట్లు మార్చేశారని మాకు తర్వాత తెలిసింది. నేను ఉలిక్కిపడి తెర వైపు చూశాను. పిన్ని చూడలేదు. అద్దం మీద ఆవిరి పట్టకుండా మిగిలిన కాస్త మేరలోంచి, గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి దిగిన మనిషిని చూసి, తన కాళ్ళ దగ్గర నేర్పేవాళ్ళ కోసం ఉండే రెండో బ్రేకు తొక్కింది. కారు కీచుమని ఆగింది. ఆ గొడుగు మనిషి మా వైపు కొరకొరా చూసి వెళ్ళిపోయింది.

స్కూలుకు రాగానే పిన్ని కారు తాళాలు యజమాని బల్ల మీద పెట్టింది.

"రేపట్నుంచి నేను రాను బాబూ."

జరిగింది విని అతను కంగారుపడ్డాడు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా మేడమ్?"

"తెర చూడకుండా నొక్కాను, అందుకే తప్పు నొక్కాను. చూసి నొక్కి ఉంటే ఆ మనిషిని చూసేదాన్ని కాదు. ఇప్పుడు వచ్చేవాళ్ళకి ఏది నేర్పమంటారు?"

అతను సొరుగు లాగి, పాత కారు తాళం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మనులెండి. దీంట్లోనే నేర్పండి."

పిన్ని తాళం తీసుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఉద్యోగం నిలబడ్డందుకు నేను ఎగిరి గంతేయబోయి ఆగాను. ఆవిడ తాళం పక్కన పడేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఉద్యోగం పోతే పోయేదే. నీకేమైనా అయ్యుంటే మా అక్కకి ఏ మొహం పెట్టుకుని కనిపించేదాన్నే?"

వానలో తడుస్తూనే ఆవిడ పక్కన కూర్చుని, ఆ చేతిని నా రెండు చేతుల్లో పట్టుకున్నాను.