తట్టెడు మట్టి

తట్టెడు మట్టి. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అంతే. మీరెవరో తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నా. రాసేది నా మనవరాలు. "మెల్లగ చెప్పు నానమ్మా, చెయ్యి నొస్తాంది" అంటోంది.

హసన్‌పర్తి చెరువు పక్కన కొత్త రోడ్డు వేసేటప్పుడు అక్కడ చాయ్ అమ్మేదాన్ని. కాలు పెడితే దిగబడే నేల అది. మట్టి పోస్తే ఆ బరువుకే కుంగుతుందని, బదులుగా మంచమంత తెల్ల థర్మకోల్ దిమ్మెలు పేర్చారు. ఒకటి ఒక్కదాన్నే ఎత్తి చూశా. దూదిమూట! దీని మీద లారీలు పోతాయా? పైన మళ్లీ ప్లాస్టిక్ షీటు కప్పుతుంటే, ఎందుకని సూపర్‌వైజర్ సారును అడిగా. డీజిల్, కిరోసిన్ తగిలితే కరిగిపోతుందన్నాడు.

ఆ మాట వినకపోయినా బాగుండేది. లారీలను మోసేది కాసింత కిరోసిన్‌కు కరుగుతుందా? మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక, స్టవ్వులోది తెచ్చి, షీటు ఎత్తి కొంచెం పోశా. లోపలికి దిగింది. ఇంకొంచెం పోశా. ఎంతదాకా పోతుందో చూడాలని. గంప పట్టేంత గుంత పడ్డాక గానీ భయం వేయలేదు. గబగబా తట్టెడు మట్టి తెచ్చి కూరి, షీటు కప్పేశా. నింపితే చాలనుకున్నా. మట్టి బరువు పనికిరాదనే కదా వాళ్ల తిప్పలన్నీ! అప్పుడు తోచలేదు.

సాయంత్రం పైన కాంక్రీటు పోశారు. వానాకాలం దాటేసరికి రోడ్డు సరిగ్గా అక్కడే కుంగింది. పెద్దసార్లు వచ్చి సూపర్‌వైజర్‌ను అందరి ముందు తిట్టారు. ఆయన నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నువ్వు పొద్దుందాక ఈడనే ఉంటవు గదా. షీటు ఎవలన్న లేపిండ్రా?"

"నేనేడ చూస్తి సారూ. నా పొయ్యి నాకే సరిపోయె."

"నీకు దెల్వకుంట ఈడ కాకి గూడ వాలది గదనే!" నవ్వబోయి ఆగాడు. "అయితే నేనే సక్కగ పేర్పియ్యలేదేమో."

మర్నాటి నుంచి రాలేదు. పనిలోంచి తీసేశారన్నారు.

ఆ కుంగుడు నా మట్టి వల్లేనా? ఏమో. చెప్పి ఉంటే తవ్వి చూసేవారు. ఆయన తన పనిని తానే అనుమానించుకునేవాడు కాదు. ఎక్కడున్నాడో? ఇప్పటికీ ఏది పేర్పించినా రెండోసారి చూసుకుంటాడా? సిగ్గులేకుండా ఇంకోటీ అనిపిస్తుంది: మట్టికి బదులు నా ఖాళీ థర్మకోల్ చాయ్ కప్పులు కుక్కి ఉంటే ఆగేదా?

ఎన్నిసార్లు సరిచేసినా అక్కడ గతుకు పోలేదు. మనవరాలు రాయడం ఆపి నన్ను చూస్తోంది.

"అందుకేనా నానమ్మా, బస్సుల ఆడికి రాకముందే కడ్డీ పట్టుకుంటవు?"

అందుకే బిడ్డా. అందరూ గతుకు వచ్చాక పట్టుకుంటారు. నేను ముందే. అది కూడా రాసుకో.