నీలం పొడిని మళ్లీ కడిగిన రోజులు

బొల్లారంలోని ఒక రంగుల ఫ్యాక్టరీలో, నాణ్యత చూసే ల్యాబులో పదకొండేళ్లు పనిచేశాను. మేం చేసేది నీలం పొడి. పెయింట్లకు, అచ్చు సిరాకు పోయేది. అది కొద్దిగా కరెంటును మోస్తుందనీ, ఎండ పడితే తానే కాస్త పుట్టిస్తుందనీ, కొన్ని విషవాయువులు తగిలితే దానిలో కరెంటు పెరుగుతుందనీ మా అక్క బిడ్డ చెప్పేదాకా నాకు తెలియదు. తొంభైల మధ్యలో ఆ పిల్ల హైదరాబాదులో పరిశోధన చేసేది. గాజుపలక మీద ఈ నీలాన్ని పల్చటి పొరగా ఎక్కించి, గాలిలోని వాయువును పసిగట్టే పరికరం చేయడం ఆమె పని.

"చిన్నమ్మా, మీ దగ్గరున్న దాంట్ల మంచిది జెర ఇయ్యవా" అంది. మేనేజరును అడిగి, ఆ నెలలో అన్నిటికంటే నిగనిగలాడిన బ్యాచ్ నుంచి యాభై గ్రాములు తూచి ఇచ్చాను.

మూడు వారాలకు వచ్చి గడపలో కూలబడింది. వాయువు తగిలినా తగలకున్నా మీటరు ముల్లు ఒకే తీరుగా ఊగుతోందట.

"దసరాలోపు చూపియ్యకుంటే వేరే పని ఎంచుకొమ్మన్నడు మా గైడు సారు. రెండేండ్లు పోయినయి చిన్నమ్మా."

మరునాడు బ్యాచ్ కాగితం తీసి చూశాను. తప్పు నాదే. మా దగ్గర మంచిదంటే నమూనా రంగుతో సరిపోయేది. అట్లా సరిపోవడానికి, సిరాలో బాగా కలవడానికి చివర్లో రెజిన్ అనే జిగురు కలుపుతాం. ఆ జిగురు కరెంటుకు అడ్డం. కంటికి ఎంత బాగుంటే ఆమె పరికరానికి అంత చెడ్డది.

ఈసారి రెజిన్ కలపని ముడి పొడి వంద గ్రాములు తీసుకున్నాను. గాఢ గంధకామ్లంలో కరిగించి ఐసు నీళ్లలో సన్నధారగా పోశాను. అడుక్కు దిగిన నీలాన్ని, లిట్మస్ కాగితం ఎర్రబడడం ఆగేదాకా కడిగాను. ఇరవై మూడు సార్లు.

రంగు వండే రియాక్టరు దగ్గర పనిచేసే పెద్దాయన వచ్చి చూశాడు. "ఏందమ్మా, బియ్యం కడిగినట్టు కడుగుతున్నవు. ఎసరు పెట్టాల్నా?"

"పెట్టు. మొదటి ముద్ద నువ్వే తినాలె."

కడిగితే పోని మలినాలు ఇంకా ఉన్నాయి. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఆ పొడిని వేడిచేస్తే, అది కరగకుండానే ఆవిరై చల్లటి కొసన సూదుల్లా పేరుకుంటుంది. చెత్త వెనకే ఉండిపోతుంది. ఆమె ల్యాబులో ఆ పనికి మూడు ఆదివారాలు పట్టింది. వంద గ్రాములకు చేతికొచ్చింది నాలుగు గ్రాముల చిల్లర.

దసరాకు తొమ్మిది రోజుల ముందు కొత్త పొరను పరీక్షించాం. ఉత్త గాలికి ముల్లు కదలలేదు. రాగి ముక్కల మీద నత్రికామ్లం పోస్తే వచ్చే గోధుమరంగు పొగను కొంచెం పంపితే లేచింది. పలకను వేడిచేస్తే మళ్లీ దిగింది.

"వచ్చింది చిన్నమ్మా. ఇగ చాలు."

"ఒక్కసారికి ఎవరు నమ్ముతరు? పదిసార్లు చెయ్యి."

ఏడోసారి ముల్లు పూర్తిగా దిగలేదు. తొందరలో పలకను చాలినంతసేపు వేడిచేయలేదు. ఏడో లెక్కను కొట్టేసి ఇంకోసారి చేస్తానంది.

"అది గూడ రాయి. ఎందుకు దిగలేదో పక్కన రాయి."

"సారు అడుగుతడు."

"అడగనీ. జవాబు నీకు తెలుసు గదా."

ఆయన ఆ ఒక్కదాని గురించే అడిగాడట. ఎంతసేపు వేడిచేస్తే పొర మళ్లీ పనికొస్తుందో కొలవమనీ, పని మార్చనక్కర్లేదనీ అన్నాడట. సోమవారం నుంచి ఆమె నిమిషాలు కొలవడం మొదలుపెట్టింది.