బాబాయి మళ్ళీ చెరువులో దిగిన రోజు

పోయిన వారం, ఏలూరులో నేను క్లాసుకి బయల్దేరుతుంటే, కైకలూరు నుంచి పిన్ని ఫోన్. "మీ బాబాయిగారు వెళ్ళిపోయారే. పొద్దున్నే కాఫీ తాగి ఇంకొంచెం పొయ్యమన్నారు. తెచ్చేలోపే..." ఏడుస్తూనే, "రెండోది వద్దని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో!" అని నవ్వింది. బాబాయి గురించి నవ్వకుండా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆయనవి రొయ్యల చెరువులు. ఏడేళ్ళ కిందట ఏదో వైరస్ జ్వరం వచ్చి గుండె బాగా దెబ్బతింది. ఛాతీలో చిన్న పంపు పెట్టారు. గుండె తోడాల్సిన రక్తాన్ని చాలావరకు అదే తోడేది. పొట్ట పక్కనుంచి బయటికొచ్చిన వైరు నడుముకి కట్టుకున్న బ్యాటరీలకి కలిసేది. పంపు గుండెలా కొట్టుకోకుండా ఒకే ధారగా తోస్తుంది కాబట్టి మణికట్టు దగ్గర నాడి దొరికేది కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి చెయ్యి చాపి, "నాడి చూడండి. లేదు కదా? భోజనం మాత్రం రెండు పూటలా అడుగుతున్నానండి!" అనేవారు.

వైరు వల్ల నీళ్ళలో దిగకూడదన్నారు. అదొక్కటే ఆయనకి మింగుడుపడలేదు.

ఏడాదిన్నరకి డాక్టరుగారు, విశ్రాంతి దొరికి, మందులు పనిచేసి గుండె తేరుకుంటోందన్నారు. అందరికీ ఇలా జరగదట. పంపు వేగం తగ్గించి చూసి, గుండె తట్టుకుంటే తీసేద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను.

"తీశాక గుండె మళ్ళీ మొండికేస్తే, బాబాయ్?"

"చెరువులో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు అన్నీ ఒక్కసారే కట్టేస్తామా అమ్మా? ఒకటి ఆపి, గట్టు మీద నిలబడి చూస్తాం. ఊపిరాడక రొయ్యలు పైకి తేలితే మళ్ళీ వేసేస్తాం. డాక్టర్లు చేసేదీ అదే."

ఇదంతా డాక్టరుగారికీ చెప్పినట్టున్నారు. పరీక్షలో పంపు వేగం తగ్గిస్తుంటే బాబాయి, "రొయ్యలు తేలుతున్నాయాండీ?" అని అడిగారు.

తెర మీంచి చూపు తిప్పకుండా డాక్టరుగారు, "లేదండీ, అడుగునే ఉన్నాయి" అన్నారు.

నా భయం తప్పేనా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆసుపత్రిలో పక్క మంచం ఆయన గుండె ఆ పరీక్షకి తట్టుకోలేదు, పంపుతోనే ఇంటికెళ్ళారు. మా బాబాయి మాత్రం పంపు తీశాక అయిదేళ్ళు, మందులూ చెరువూ రెండూ మానకుండా బతికారు.

పంపు తీసిన గాయం పూర్తిగా మానాక, డాక్టరుగారు సరేనన్న వారమే చెరువులో దిగారు. మోకాళ్ళు, నడుము, ఛాతీ మీది మచ్చ, ఒక్కొక్కటే నీళ్ళలోకి వెళ్ళాయి. "ఏవండీ, చాలండీ, వచ్చెయ్యండి" అని పిన్ని గట్టు మీంచి పిలుస్తూనే ఉంది. "రొయ్యలు కాళ్ళకి గిలిగింతలు పెడుతున్నాయే!" అని ఆయన పకపకా నవ్వుతున్నారు. పిలిచి పిలిచి విసిగి, కుచ్చెళ్ళు దోపుకుని, ఆయన్ని లాక్కొస్తానని పిన్నే దిగింది. ఇద్దరూ నవ్వుకుంటూ నీళ్ళలోనే ఉండిపోయారు, ఎంతసేపటికీ బయటికి రాలేదు. గట్టు మీద నా చేతిలో ఉన్నది ఒక్క తువ్వాలే.