సుగుణక్క చూసి రమ్మన్న మనుషులు

మొన్న మధ్యాహ్నం మా గల్లీలో కరెంటు పోయింది. వరుసగా ఉన్న నాలుగు కార్ఖానాల్లోనూ మరమగ్గాలు ఒక్కసారిగా ఆగాయి. సూరత్‌లోని లింబాయత్‌లో ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ని, ఆ చప్పుడు నాకు మామూలుగా వినబడదు. ఆగినప్పుడే తెలుస్తుంది. చెవుల్లో జుయ్‌మంది. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. లాక్‌డౌన్ పెట్టిన మార్చిలోనూ బస్తీ అంతా ఇలాగే మూగబోయింది. ఆ మూగతనం వారాల తరబడి వదల్లేదు. ఆ రోజులు తలపుకొస్తే సుగుణక్కే ముందు కళ్లలో మెదులుతుంది.

ఆమెది సిరిసిల్ల వైపు పల్లె. పెళ్లయి సూరత్ వచ్చింది. మగ్గాల మీద పనిచేసే భర్త తాగి తాగి, నలభై నిండకుండానే పోయాడు. ఆ తర్వాత ఆమె ఒక మానసిక వైద్యుడి దగ్గర చాలాకాలం ఆయాగా పనిచేసింది. అక్కడికొచ్చే మనవాళ్లు తమ బాధను హిందీలో చెప్పుకోలేక తల వంచుకుని కూర్చోవడం చూసి చూసి, ఆ డాక్టరునే బతిమాలి పదిహేను రోజులకోసారి మా బస్తీకి రప్పించింది. రేకులు కప్పిన ఒక గది సంపాదించి, వాళ్ల మాటలు డాక్టరుకు తనే హిందీలో చెప్పేది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారాలు అక్కడ కూర్చునేవారు. మతి చెదిరినవాళ్లకు మిగతా రోజుల్లో మందు గోలీలు ఇచ్చేది. గదికి బోర్డు లేదు. "బోర్డు పెడితే ఎవడొస్తడు? పిచ్చోళ్ల అర్ర అంటరు. సుగుణక్క ఇల్లంటే చాయ్ తాగనీకి వస్తరు" అనేది.

నేను అక్కడికి చాయ్ కోసం వెళ్లలేదు. నన్ను మోసుకెళ్లారు. గుజరాత్‌లో మద్యం నిషేధమే కానీ ప్లాస్టిక్ సంచుల్లో దొంగసారా ఎప్పుడూ దొరికేది. అది తాగి కార్ఖానా మెట్ల మీద పడి ఉంటే, తోటి పనివాళ్లు తెచ్చి ఆమె గుమ్మంలో పడేశారు. మెలకువ వచ్చేసరికి ఆమె నా పక్కన పీటేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తిడుతుందనుకున్నాను. "నీ పేరేంది?" అంది. నర్సయ్యనని చెప్పాను. "నర్సయ్యా, జర ఈ సగం నువ్వు తియ్యి. చేతులు వణుకుతున్నయా? వణకనియ్యి. మెల్లగ తియ్యి." ఆ పూట నేను తీసిన కాయల్లో సగం ఈనెలు అలాగే ఉన్నాయి. ఆమె వాటినే వండి, నాకూ పెట్టింది. తాగుడు మానడానికి రెండేళ్లు పట్టింది. మధ్యలో మూడుసార్లు జారాను. మూడుసార్లూ ఆ గుమ్మంలోకే వెళ్లాను. మానాక ఆమెతో కలిసి పనిచేయడం మొదలుపెట్టాను.

పనంటే పెద్దదేమీ కాదు. మందులు తీసుకునేవాళ్ల ఇళ్లకు వెళ్లి రావాలి. ఆమెకు ఒకటే పట్టింపు. "మనిషిని చూడాలె. నీ కండ్ల ముంగట గోలీ మింగాలె. కొద్దిసేపు మాట్లాడినంకనే లేవాలె. ఇంటోళ్లు మంచిగున్నడంటే మంచిగున్నట్టు కాదు."

లాక్‌డౌన్ మొదలైన వారంలోనే దొంగసారా దొరకడం ఆగిపోయింది. అలవాటుపడ్డ ఒళ్లు ఊరుకోదు కదా. మగవాళ్లు వణుకుతూ, లేనివి చూస్తూ, గోడలకు తల కొట్టుకున్నారు. సుగుణక్క ముఖానికి చీర కొంగు చుట్టుకుని, పోలీసులకు డాక్టరు చీటీ చూపించుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. డాక్టరు ఫోన్లో చెబుతుంటే ఈమె మందులు ఇచ్చేది. బస్తీ నుంచి వేలమంది ఊళ్లకు బయలుదేరారు. వెళ్లేవాళ్లలో మా మనుషులుంటే నెల గోలీలు మూటగట్టి, ఆ ఊరి ఆశా కార్యకర్తను ఫోన్లో వెతికి పట్టుకునేది. "చెల్లే, నువ్వెవరో నాకు తెల్వదు. నీ ఊరోడు రేపు వస్తుండు. జర కనిపెట్టుకో" అని బతిమాలేది.

ఊరికి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లలో ఓదెలు ఒకడు. నలభై అయిదేళ్లుంటాయి. మెత్తటి మనిషి. చాలా ఏళ్లుగా చెవుల్లో గొంతులు వినబడేవి. గోలీలతో అవి నెమ్మదించి, మగ్గం మీద మామూలుగా పనిచేసుకునేవాడు. భార్య రాజవ్వ జగిత్యాల దగ్గరి ఊళ్లో ఉండేది. అతను మూడో అంతస్తులో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. వారానికోసారి అతన్ని చూడటం నా వంతు.

ఏప్రిల్‌లో ఆ మేడలో ఒకరికి కరోనా వచ్చింది. నేను మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాను. కింద ఉండే ఒకాయన చేతికి గోలీల పొట్లం ఇచ్చి, పైకి చేర్చమన్నాను. గదికొచ్చి సుగుణక్కతో "చూసిన అక్కా, మంచిగనే ఉన్నడు" అన్నాను. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాతి వారమూ అంతే. ఆయన ఆ పొట్లాలను రెండో అంతస్తు కిటికీలో పెట్టి దిగేవాడట. ఆయనకూ భయమే మరి. ఆ మూడు పొట్లాలూ అక్కడే ఉన్నాయి.

మే నెలలో సుగుణక్కకు ఒక ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. హైవే మీద ఎండకు పడిపోయిన మనిషి చనిపోయాడనీ, జేబులోని మందుల కార్డు మీద ఈ నంబరు ఉందనీ చెప్పారు. ఓదెలు నడిచి ఇంటికి బయలుదేరాడు. దారిలో చూసినవాళ్లు ఎవరితోనో మాట్లాడుకుంటూ పోతున్నాడని చెప్పారట.

నేను అప్పుడే ఆమెకు నిజం చెప్పాను. ఆమె ఫోను తీసి, రాజవ్వ నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పాలె. మొత్తం చెప్పాలె."

"నా తోని కాదక్కా."

"ఆమె తోని అయితదా మరి?"

చెప్పాను. మెట్ల సంగతి, మూడు పొట్లాల సంగతి, నా అబద్ధం సంగతి, అన్నీ చెప్పాను. అవతలి నుంచి ఏడుపు వినబడలేదు. ఎవరో కోడిని అదిలిస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది. చివరకు రాజవ్వ అడిగింది: "కాళ్లకు చెప్పులున్నయా అన్నా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. సుగుణక్క వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి, ముగ్గురు నలుగురు మనుషులను దాటి, శవాల గదిలో పనిచేసే అతన్ని పట్టుకుని కనుక్కుంది. తిరిగి రాజవ్వకు చెప్పింది. "ఉన్నయి బిడ్డా. రబ్బరు చెప్పులున్నయి. కాళ్లు కాలలే." అప్పుడు వినబడింది రాజవ్వ ఏడుపు.

ఇక ఈ పని చేయనని ఆ సాయంత్రం అన్నాను. నాలుక మీద సారా రుచి ఆడుతోంది, ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకాలని ఉంది. ఆ మాటా చెప్పాను. ఆమె చాయ్ పోసి నా ముందు పెట్టింది.

"తప్పు నాదా అని నన్నడుగుతున్నవా నర్సయ్యా? నీదే కొంత. కొంత నాది. నీకు భయమైతుందా అని ఒక్కపారి అడగకపోతిని. ఆ మేడలనే ఇంకా ఇద్దరున్నరు మనోళ్లు. రేపు నేనూ వస్త. నువ్వు ముందు ఎక్కు."

మరునాడు ఎక్కాను. ఆమె నా వెనుక రెండు మెట్ల దూరంలో, మోకాళ్ల నొప్పులతో ఆగి ఆగి ఎక్కింది.

ఏడాది తిరిగేసరికి రెండో విడత కరోనా వచ్చింది. ఈసారి సుగుణక్కకు అంటుకుంది. ఆసుపత్రిలో మంచం దొరకడానికి రెండు రోజులు తిరిగాం. చేర్పించాక లోపలికి రానివ్వలేదు. వార్డులో ఊడ్చే ఒకామె దయతలచి ఒకసారి ఫోను కలిపింది. సుగుణక్క గొంతు గాలిలా ఉంది.

"అందరినీ చూసినవా?"

ఊరడించాలని అవునందామనుకున్నాను. నోరు రాలేదు. "ఇద్దరిని చూడలే అక్కా. పొద్దటిసంది నీ దగ్గర్నే ఉన్న, గేటు బయట."

"గేటు కాడ ఏం పని? పో. చీకటి పడకముందే పో" అంది.

వెళ్లాను. రెండో ఇంట్లో ఉండగా ఆమె పోయిందని ఫోను వచ్చింది. ఆ ఇంటాయన అప్పుడే గోలీ వేసుకుని నీళ్లు తాగుతున్నాడు. ఆయన గ్లాసు కింద పెట్టేదాకా ఆగాను. ఆఖరి చూపు ఎవరికీ దక్కలేదు. సంచిలో చుట్టి తీసుకెళ్లారు. ఏ సంచి ఆమెదో కూడా మాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ గదిని నేనే నడుపుతున్నాను. డాక్టరు ఇంకా వస్తున్నాడు. ఆమెలా ఓపిగ్గా మాట్లాడటం నాకు చేతకాదు. చూడనివాళ్లను చూశానని చెప్పకపోవడం ఒక్కటే పట్టుబడింది.

పోయిన వేసవిలో రాజవ్వ తనంతట తనే ఫోను చేసింది. వాళ్ల వాడలో ఒకామె కాన్పయిన నాటి నుంచి నిద్రపోవడం లేదట, బిడ్డను దగ్గరికి తీసుకోవడం లేదట. "మీరు ఒకపారి వచ్చి చూస్తరా అన్నా?" అంది. రైలెక్కి వెళ్లాను. దారి పొడవునా రాజవ్వతో ఏం మాట్లాడాలో కూడగట్టుకుంటూనే ఉన్నాను. బస్సు దిగగానే ఎదురొచ్చింది. ఓదెలు పేరు ఆమె ఎత్తలేదు. నాకూ ధైర్యం చాలలేదు. నన్ను మన్నించిందో లేదో ఈరోజుకీ తెలియదు. ఎండలో ఆమె ముందు నడిచింది, నేను వెనుక నడిచాను. ఒక ఇంటి ముందు ఆగి, గడప మీద నాకు చోటు చూపించి, మూసి ఉన్న తలుపు మెల్లగా తట్టింది.

"బిడ్డా, ఒకాయన వచ్చిండు. తొందరేం లేదు. నువ్వు తలుపు తీసేదాంక కూసుంటడు."

కూర్చున్నాను.